మా వీధిలో రాత్రి గస్తీ మొదలుపెట్టి మూడు నెలలైంది: కొనసాగించాలా, పద్ధతి మార్చాలా?

మూడోమలుపు
మా వీధిలో నలభై రెండు ఇళ్ళున్నాయి. నాలుగు నెలల క్రితం పద్దెనిమిది రోజుల వ్యవధిలో మూడు ఇళ్ళలో దొంగలు పడ్డారు. మూడూ తాళం వేసి ఉన్న ఇళ్ళే, మూడింటిలోనూ వెనకవైపు తలుపు గొళ్ళేన్నే పెకలించారు. ఆ భయంలో అందరం ఒకచోట కూర్చుని, రాత్రి పదకొండు నుంచి నాలుగు వరకు ఇద్దరిద్దరుగా గస్తీ తిరగాలని నిర్ణయించుకున్నాం. మొదటి వారం ఇరవై ఆరుగురం వచ్చాం. ఇప్పుడు ఐదుగురం మిగిలాం, అందులో ఇద్దరికి అరవై దాటింది. దొంగతనాలు ఆగిపోయాయి కాబట్టి గస్తీ ఇక అవసరం లేదని కొందరు అంటున్నారు. గస్తీ ఉన్నందువల్లనే ఆగాయని మేం అంటున్నాం. ఏది నిజమో తేల్చుకునే దారి నాకు కనబడడం లేదు.

అంతకన్నా నన్ను బాధపెడుతున్న విషయం ఇంకొకటి ఉంది. పోయిన వారం రాత్రి పదకొండున్నరకు వీధిలోకి నడిచివస్తున్న ఒక కుర్రవాణ్ని మావాళ్ళు ఆపి, సంచి విప్పించి, ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. అతను మా వీధి చివరి ఇంటి మేడమీద గదిలో ఏడాదిగా అద్దెకుంటున్నాడని తెల్లవారాక తెలిసింది. ఏడాది పాటు మా మధ్యనే ఉన్న మనిషిని మాలో ఒక్కరం కూడా గుర్తుపట్టలేకపోయాం. ఆ రాత్రి నుంచి నాకు గస్తీకి వెళ్ళాలంటే మనసొప్పడం లేదు. ఇలాంటి పని చేసి నిలబెట్టుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

పాతకాపు
గస్తీ మానకండి. మా కాలనీలో పదకొండేళ్ళుగా తిరుగుతున్నాం. వీధి మెలకువగా ఉందని తెలిస్తే దొంగ పక్క వీధి చూసుకుంటాడు. ఐదుగురు మిగిలారని నిరుత్సాహపడవద్దు, మేం ఒక దశలో ముగ్గురమే ఉన్నాం.

రాత్రిడ్యూటీ
పక్క వీధి చూసుకుంటాడంటే ఆ పక్క వీధిలో ఉన్నవారి గతి ఏమిటో కూడా చెప్పండి పాతకాపు గారూ.

నేను పన్నెండేళ్ళుగా రాత్రి పని చేసి ఇంటికి వచ్చే మనిషిని. మూడోమలుపు గారు రాసిన ఆ కుర్రవాడి స్థానంలో నేను రెండుసార్లు నిలబడ్డాను. మొదటిసారి ముఖం మీద టార్చి వేసి ఎవరి తాలూకు అని అడిగారు. నా ఇంటి గేటుకు పది అడుగుల దూరంలో, నా భార్య కిటికీలోంచి చూస్తూ ఉండగా, నేనెవరినో నేను నిరూపించుకోవలసి వచ్చింది. సంచి విప్పించే హక్కు గస్తీ వారికి ఎవరూ ఇవ్వలేదు. ముందుగా అతని ఫొటో తీసివేయించండి, ఆ తరువాత మీ గస్తీ కొనసాగాలా వద్దా అన్నది మాట్లాడుకుందాం.

మూడోమలుపు
ఫొటో గ్రూపులోంచి మర్నాడే తీయించాను. కానీ అప్పటికే ఎంతమంది ఫోన్లలోకి చేరిందో నాకు తెలియదు.

సాక్షి
ఆపి అడగకూడదంటే ఇక ఎవరూ దేనికీ ముందుకు రారన్న భయం కూడా ఉంది. 1964 మార్చి 13న న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో కిట్టీ జెనోవీస్ అనే యువతి తన ఇంటి దగ్గరే హత్యకు గురైనప్పుడు 38 మంది చూస్తూ ఊరకున్నారని లోకమంతా చెప్పుకుంది. ఇరుగుపొరుగు కాపలా సంఘాల గురించి అమెరికాలో అందరూ ఆలోచించడానికి ఆ ఘటన ఒక కారణం. 1972లో అక్కడి జాతీయ షెరీఫుల (జిల్లా స్థాయి పోలీసు అధికారుల) సంఘం దేశవ్యాప్తంగా ఈ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇంగ్లండులో మొదటిది 1982లో చెషైర్‌లోని మాలింగ్టన్ అనే పల్లెలో మొదలైంది.

తూకం
సాక్షి గారూ, ఆ 38 మంది కథ చాలావరకు నిలబడలేదు. దానిని ప్రచురించిన పత్రికే తన కథనంలో లోపాలున్నాయని 2016లో రాసుకుంది. దాడి మొత్తాన్ని చూసినవారు దాదాపు లేరు, అరుపులు విన్నవారిలో చాలామందికి అది ఏమిటో అర్థం కాలేదు. ఒక పొరుగింటి స్త్రీ, హంతకుడు ఇంకా అక్కడే ఉన్నాడో లేదో తెలియకుండానే మెట్లు దిగి పరుగెత్తి, ప్రాణం పోతున్న ఆ అమ్మాయిని చేతుల్లోకి తీసుకుంది. కథలో ఆ స్త్రీకి చోటు దొరకకపోవడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

అయితే ఆ ఘటన తరువాత 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం మనకు పనికివస్తుంది. పక్క గదిలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపించినప్పుడు, తామొక్కరే వింటున్నామనుకున్నవారిలో 85 శాతం మంది అది ముగిసేలోపే సాయానికి కదిలారు. తమతో పాటు మరో నలుగురు వింటున్నారనుకున్నవారిలో 31 శాతం మందే ఆలోపు కదిలారు. నలభై రెండు ఇళ్ళవాళ్ళున్న గ్రూపులో ‘ఎవరో ఒకరు చూసుకుంటారు’ అన్నదే అందరి ధీమా అవుతుంది. ఫలానా ఇంటిని ఫలానావారు చూడాలి అని పేరు పెట్టి అప్పగిస్తేనే పని జరుగుతుంది.

చిట్టిపిట్ట
ఇంతవరకు ఎవరూ అడగని ఒక ప్రశ్న అడుగుతాను. మూడోమలుపు గారూ, ఆ మూడు దొంగతనాలు ఏ వేళలో జరిగాయి?

మూడోమలుపు
ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. కనుక్కుని రాస్తాను.

గట్టిమాట
విదేశాల పరిశోధనలు, ప్రయోగాలు అక్కడికే వదిలేయండి. మా వీధిలో నిరుడు ఒక ముసలావిడ మెడలో గొలుసు లాక్కుపోయారు, ఆవిడ కిందపడి తుంటి ఎముక విరిగి ఆరు నెలలు మంచం మీద ఉంది. ఆవిడ కొడుకు మొహం చూసినవాణ్ని నేను. కొత్త మనిషి కనబడితే అడగడం తప్పెలా అవుతుంది? తప్పు చేయనివాడు ఒక మాట చెప్పి ముందుకు సాగిపోతాడు.

రాత్రిడ్యూటీ
గట్టిమాట గారూ, ఆ తల్లి పడిన బాధ విని నాకూ కడుపు తరుక్కుపోతోంది. కానీ ఒక మాట చెప్పి సాగిపోగలిగే పరిస్థితి అందరికీ ఉండదు. 2012 ఫిబ్రవరి 26న అమెరికాలోని శాన్‌ఫోర్డ్‌లో ట్రేవాన్ మార్టిన్ అనే పదిహేడేళ్ళ నల్లజాతి పిల్లవాడు తన తండ్రి ఉంటున్న ఇంటి వైపు నడిచి వెళ్తున్నాడు. అతని దగ్గర ఏ ఆయుధమూ లేదు. ఆ కాలనీ కాపలా సంఘం మనిషి ఒకడు అనుమానించి పోలీసులకు ఫోన్ చేశాడు. వెంబడించనవసరం లేదని అవతలి వైపు నుంచి చెప్పారు, అయినా చివరికి ఆ పిల్లవాడు అతని తుపాకి దెబ్బకే చనిపోయాడు. మరుసటి సంవత్సరం కోర్టు అతణ్ని నిర్దోషి అంది. తీర్పు సంగతి ఎలా ఉన్నా, ఆ ఫోన్ చేసి అక్కడే ఆగిపోయి ఉంటే ఆ పిల్లవాడు ఇల్లు చేరేవాడు.

గట్టిమాట
తుపాకులున్న చోటి కథ ఇది. అయినా వెంబడించకూడదన్న మాట వరకు నేను ఒప్పుకుంటాను. అడగడం మాత్రం మానను.

వాకిలి_వెలుగు
అడిగే తీరులోనే ఉంది. ‘ఎవరు నువ్వు’ అనడానికి, ‘ఎవరి ఇంటికండీ, దారి చూపించమంటారా’ అనడానికి చాలా తేడా ఉంది. రెండో ప్రశ్నకు దారి తప్పినవాడు సంతోషిస్తాడు, చెడు ఉద్దేశంతో వచ్చినవాడు తనను ఎవరో చూశారని గ్రహిస్తాడు.

మూడోమలుపు
చిట్టిపిట్ట గారి ప్రశ్నకు జవాబు దొరికింది. రాయడానికి కష్టంగా ఉంది. మొదటి ఇంట్లో మధ్యాహ్నం పన్నెండుకూ మూడుకూ మధ్య, పిల్లలను బడి నుంచి తీసుకురావడానికి వెళ్ళినప్పుడు జరిగింది. రెండో ఇంట్లో ఉదయం పదకొండు దాటాక జరిగింది. మూడో ఇంటివారు రెండు రోజులు ఊళ్ళో లేరు కాబట్టి పగలో రాత్రో తెలియదు. మూడు నెలలుగా మేం నిద్ర మానుకుని తిరిగిన వేళకూ, ఆ దొంగలు వచ్చిన వేళకూ సంబంధమే లేదు.

ఇంకొకటి కూడా తెలిసింది. ఆ రెండో ఇంట్లో అంతకు ముందు సంవత్సరం కూడా ఒకసారి దొంగలు పడ్డారట. ఆ ఇంటావిడ ఒంటరిగా ఉంటారు. రెండుసార్లు జరిగినా మొదటి రోజు గుమికూడిన జనం తప్ప ఆ తరువాత ఎవరూ ఆ గడప తొక్కలేదని ఆవిడే నాతో అన్నారు.

తాళంచెవి
మీ చివరి నాలుగు వాక్యాలే ఈ చర్చ మొత్తానికి గుండెకాయ, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో కిర్క్‌హోల్ట్ అనే నివాస ప్రాంతం ఉంది, రెండు వేలకు పైగా ఇళ్ళు. 1980ల మధ్యలో అక్కడ ఇళ్ళ దొంగతనాలు విపరీతంగా ఉండేవి. 1986లో అక్కడ పని మొదలుపెట్టినవారు ముందుగా ఎవరినీ కాపలాకు పంపలేదు. దొంగతనం జరిగిన ఇళ్ళవారితోనూ, వారి పొరుగువారితోనూ, శిక్షపడిన దొంగలతోనూ కూర్చుని మాట్లాడారు. రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటిది, చాలా ఇళ్ళలో గ్యాసుకూ కరెంటుకూ నాణేలు వేసే మీటర్లు ఉండేవి, తలుపు తెరిస్తే చాలు, దొంగకు చిల్లర డబ్బుల పెట్టె ఎదురుగానే ఉండేది. ఆ మీటర్లను తీయించారు. రెండోది, ఒకసారి దొంగలు పడిన ఇంట్లో మళ్ళీ పడే అవకాశం మిగతా ఇళ్ళకన్నా చాలా ఎక్కువ. దొంగకు ఆ ఇంటి దారి, గదులు, తలుపు బలహీనత అన్నీ తెలిసిపోయి ఉంటాయి, పోయిన వస్తువుల స్థానంలో కొత్తవి వచ్చి ఉంటాయని కూడా తెలుసు.

అందుకని వారు వీధికంతటికీ ఒక సంఘం పెట్టకుండా, దొంగతనం జరిగిన ఇంటి చుట్టూ ఉన్న ఆరేడు ఇళ్ళవారిని కూడగట్టి, ఆ ఒక్క ఇంటి మీద కన్నేసి ఉంచమని అడిగారు. పట్టుగూడులా అన్నమాట. ఆ ఇంటి తలుపులు, తాళాలు వెంటనే గట్టిపరిచారు. మూడేళ్ళలో అక్కడ ఇళ్ళ దొంగతనాలు నాలుగింట మూడు వంతులు తగ్గాయి.

మీ వీధిలో ఆవిడ ఇంటికి రెండుసార్లు కన్నం వేశారు. నలభై రెండు ఇళ్ళకు కాపలా కాసే బలం మీ ఐదుగురికి లేకపోవచ్చు. ఆవిడ ఇంటికి కుడి ఎడమల రెండేసి, ఎదురుగా ఒకటి, వెనక ఒకటి, ఈ ఆరు ఇళ్ళవారు రోజుకు నాలుగుసార్లు అటు చూడడానికి మాత్రం ఏ బలమూ అక్కర్లేదు.

పాతకాపు
మా పదకొండేళ్ళ గస్తీలో దొంగతనం జరిగిన ఇంటికి మళ్ళీ వెళ్ళి ఎలా ఉన్నారని అడిగిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తు రావడం లేదు. రేపే వెళ్తాను.

తూకం
గస్తీ వల్లనే దొంగతనాలు ఆగాయా అన్న మొదటి ప్రశ్నకు వస్తాను. పద్దెనిమిది రోజుల్లో మూడు జరగడం అసాధారణమైన ఉధృతి, అలాంటి ఉధృతి ఎవరూ ఏమీ చేయకపోయినా కొంతకాలానికి తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే మనం ఏదో ఒకటి మొదలుపెడతాం కాబట్టి ఫలితం దాని ఖాతాలో పడుతుంది. అలాగని ఇలాంటి ప్రయత్నాలన్నీ వృథా అనుకోకూడదు. ట్రెవర్ బెనెట్, కాటీ హాలోవే, డేవిడ్ ఫారింగ్టన్ అనే నేర పరిశోధకులు కలిసి అనేక చోట్ల జరిగిన పరిశీలనలను ఒకచోట చేర్చి 2008లో లెక్క కట్టారు. పొరుగు కాపలా ఉన్న ప్రాంతాల్లో నేరాలు సగటున 16 నుంచి 26 శాతం తగ్గాయని తేలింది, కానీ కొన్ని చోట్ల ఏ మార్పూ కనబడలేదు.

మీరు ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ తేదీ, ఏ వేళ, ఏ వైపు నుంచి, ఏ తలుపు, అప్పుడు పక్కిళ్ళలో ఎవరున్నారు అన్నవి రాయండి. మూడు నెలల క్రితం ఆ పుస్తకం మీ దగ్గర ఉండి ఉంటే రాత్రి గస్తీ మొదలయ్యేదే కాదు.

లాంతరు
వెనక వీధిలో దీపం ఉందా? న్యూయార్క్‌లో 2016లో కొన్ని ప్రభుత్వ గృహ సముదాయాలకు మాత్రం బలమైన దీపస్తంభాలిచ్చి మిగతా వాటితో పోల్చి చూశారు. ఆరుబయట రాత్రివేళ జరిగే తీవ్ర నేరాలు 36 శాతం దాకా తగ్గాయి. నాకు మరింత ఆశ్చర్యం కలిగించినది మరొక సంగతి. వీధిదీపాల మీద ఫారింగ్టన్, బ్రాండన్ వెల్ష్ చేసిన పరిశీలనలో, దీపాలు బాగుచేసిన చోట పగటి నేరాలు కూడా తగ్గాయి. పగలు దీపం వెలగదు కదా! ఆ వీధిని ఎవరో పట్టించుకుంటున్నారన్న సంగతి అక్కడివారిలోనే ఒక మార్పు తెచ్చిందని వారి అభిప్రాయం.

మూడోమలుపు
వెనక సందులో రెండు స్తంభాలున్నాయి, ఒకదాని మీద దీపం ఎనిమిది నెలలుగా వెలగడం లేదు. ఫిర్యాదు ఇచ్చింది ఒక్కసారి, అదీ ఫోనులో నోటిమాటగా.

లాంతరు
స్తంభం మీద పెయింటుతో రాసిన సంఖ్య ఉంటుంది. దాన్ని ఫొటో తీసి, అర్జీ కాగితం మీద ఆ సందులోని ప్రతి ఇంటివారి సంతకం తీసుకుని ఇవ్వండి. అందుకున్నట్టు ముద్ర వేయించుకున్న ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ఒక ఇంటి ఫిర్యాదుకూ పదిహేను ఇళ్ళ అర్జీకీ కార్యాలయంలో దొరికే మర్యాద వేరు.

ఉలి_బాడిస
నేను వడ్రంగిని. దొంగలు పెకలించిన గొళ్ళేలను సరిచేయడానికి నన్ను పిలుస్తుంటారు. తొంభై శాతం ఇళ్ళలో తాళం ఎంత ఖరీదైనదైనా, గొళ్ళేన్ని పట్టుకుని ఉండేవి అంగుళం కూడా లేని నాలుగు మరలు. వెనక తలుపుకైతే రెండే ఉంటాయి. ఇనుప కడ్డీ ఒకటి సందులో దూర్చి నొక్కితే మరలు చెక్కతో సహా ఊడివస్తాయి, నేలమీద రంపపు పొట్టు రాలినట్టు పొడి పడుతుంది, తాళం మాత్రం గొళ్ళేనికే చెక్కు చెదరకుండా వేలాడుతూ ఉంటుంది. ఆ దృశ్యం నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. మూడంగుళాల మరలు వేసి, మరల తలలు తలుపు మూసినప్పుడు బయటికి కనబడకుండా బిగిస్తే అదే తలుపు చాలాసేపు నిలుస్తుంది. ఆ చప్పుడుకు పక్కింటివారు లేచి రావాలి, అక్కడే మీ సంఘం పని మొదలవుతుంది.

చిట్టిపిట్ట
పగటిపూట వీధిలో ఉండేది ఎవరు? ఇంటి పని చూసుకునే ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, బడి నుంచి వచ్చిన పిల్లలు, పగలు నిద్రపోయి రాత్రి పనికి వెళ్ళేవాళ్ళు. మూడోమలుపు గారి మొదటి సమావేశంలో వీరిలో ఎంతమందిని కూర్చోబెట్టారో నాకు తెలియదు, మా వీధిలో మాత్రం ఒక్కరినీ పిలవలేదు. రాత్రి కర్ర పట్టుకుని తిరగగలిగినవారే సంఘం అన్నారు. జపాన్‌లో కుక్కను తిప్పడానికి వెళ్ళేవారే బడి పిల్లలు ఇళ్ళకు వచ్చే వేళకు ఆ దారిలో నడుస్తారు, దానికి ‘వన్ వన్ గస్తీ’ అని పేరు, వన్ వన్ అంటే మన భౌభౌ. రోజూ చేసే పనిలోనే కాపలా కలిసిపోయినప్పుడు ఎవరూ అలసిపోరు.

తూకం
చిట్టిపిట్ట గారి మాటకు ఒక బలం చేరుస్తాను. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ శాంప్సన్ బృందం షికాగోలో 343 ప్రాంతాల్లో 8,782 మందిని ప్రశ్నించి 1997లో ఫలితాలు ప్రచురించింది. పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి మూలన నిలబడితే మీ పొరుగువారు కలుగజేసుకుంటారా, గోడల మీద రంగు చల్లుతుంటే వారిస్తారా, మీ పొరుగువారిని నమ్మవచ్చా అన్నవి ఆ ప్రశ్నలు. పేదరికం ఒకేలా ఉన్న ప్రాంతాల్లో కూడా, ఈ ప్రశ్నలకు అవునన్నవారు ఎక్కువగా ఉన్నచోట హింస తక్కువగా ఉంది. గస్తీ ఉందా అని వారు అడగలేదు, పొరుగువారి మీద నమ్మకం ఉందా అని అడిగారు.

గట్టిమాట
నమ్మకం పెరిగేలోపు ఇంకో గొలుసు పోతే ఎవరు జవాబు చెబుతారు? మా వీధిలో గస్తీ ఉంటుంది. కాకపోతే వేళలు మారుస్తాం. ఆవిడ గొలుసు పోయింది సాయంత్రం ఆరున్నరకు.

వాకిలి_వెలుగు
గ్రూపు సంగతి కూడా తేల్చుకోండి. ‘అనుమానాస్పద వ్యక్తి’ అని ఒక ఫొటో, దానికి కింద ఇరవై అరుపులు ఉన్న గ్రూపు వీధిని భయపెట్టడం తప్ప ఏమీ చేయదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న పుకార్లకు మన దేశంలో ఎందరో అమాయకులు మూకల చేతుల్లో ప్రాణాలు కోల్పోయారు, ఆ జూలైలోనే వాట్సాప్ ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపే వీలు లేకుండా చేసింది. మా గ్రూపులో ఒకటే నియమం: మనిషి ఎలా ఉన్నాడో రాయకూడదు, ఏం చేస్తున్నాడో రాయాలి. ‘కొత్త మొహం’ అని రాస్తే తీసేస్తాం. ‘ఫలానా ఇంటి ప్రహరీ ఎక్కుతున్నాడు’ అని రాసేలోపు పోలీసులకు ఫోన్ చేసి ఉండాలి, గ్రూపు ఆ తరువాత.

రాత్రిడ్యూటీ
ఈ నియమం మా వీధిలో ఉండి ఉంటే నాకు ఆ రెండు రాత్రులూ ఉండేవి కావు. రాసిపెట్టుకున్నాను.

మూడోమలుపు
తొమ్మిది రోజుల తరువాత రాస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం నోటు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళాం. నలభై రెండు ఇళ్ళలో యాభై ఏడు కాపురాలు ఉన్నాయని తెలిసింది, మేడమీద గదులను మేం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ కుర్రవాడి గదికి, సంచి విప్పించిన ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. క్షమించమని అడిగారు. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కిటికీ తెరిచి చూపించాడు. అతని గది కిటికీలోంచి వెనక సందు మొదటి నుంచి చివరి దాకా కనబడుతుంది, దొంగలు పడిన మూడు ఇళ్ళ వెనక తలుపులతో సహా. అతను మధ్యాహ్నం రెండు దాకా గదిలోనే ఉంటాడు. రెండో దొంగతనం జరిగిన రోజు, ఉదయం పదకొండున్నర ప్రాంతంలో, ఇద్దరు మనుషులు ఆవిడ ఇంటి వెనక నుంచి బరువైన మూట ఒకటి మోసుకుంటూ బయటికి రావడం చూశాడట. మరమ్మతు పనివాళ్ళు కాబోలనుకున్నాడు. సాయంత్రం గోల విన్నాక అనుమానం వచ్చినా, ‘ఎవరికి చెప్పాలో తెలియలేదు సార్, ఇక్కడ నాకు ఎవరూ తెలియదు’ అన్నాడు. మర్నాడు మేం అతన్ని స్టేషన్‌కు తోడు తీసుకువెళ్ళి ఆ వివరాలు చెప్పించాం.

రాత్రి గస్తీ ఆపేశాం. ఆవిడ ఇంటి చుట్టూ ఉన్న ఆరు ఇళ్ళవారి నంబర్లూ, ఆ కుర్రవాడి నంబరూ ఒక కాగితం మీద రాసి ఆవిడ ఫోన్ పక్కన అంటించాం. అతని పేరే మొదట ఉంది. దీపం అర్జీ మీద పందొమ్మిది సంతకాలయ్యాయి, రేపు ఇస్తున్నాం. ఉలి_బాడిస గారూ, వెనక తలుపులన్నిటికీ మూడంగుళాల మరలే సరిపోతాయా?

ఉలి_బాడిస
ముందు ద్వారబంధం చెక్క మందం కొలవండి. మూడంగుళాల కన్నా పలచగా ఉంటే మర అవతలికి పొడుచుకు వచ్చి చెక్క చీలుతుంది, అలాంటి చోట లోపలి వైపు ఇనుప పట్టీ వేసి బోల్టు బిగించాలి. చెదపట్టిన బంధమైతే ఏ మరా నిలవదు, దానిని మార్చవలసిందే. ఆవిడ ఇంటితో మొదలుపెట్టండి.

మూడోమలుపు
ఆవిడ ఇంటి ద్వారబంధం రెండున్నర అంగుళాలుంది. పట్టీనే వేయిస్తాం.